పాలీఅనిలిన్: ఆమ్లత్వం తేల్చే రంగు

బెళుగుప్ప, కళ్యాణదుర్గం వైపు గ్రూప్స్‌కు చదివేవాళ్లలో చాలామంది 2000 రసాయన నోబెల్ విజేతలు హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావా పేర్లు బట్టీపట్టి ఊరుకుంటారు. అసలు ప్రశ్న వాళ్లకు ఆ బహుమతి తెచ్చిన విద్యుత్ వాహక పాలిమర్లలో ఉంది; పాలీఅనిలిన్ వాటిలో ఒకటి.

అనిలిన్‌ను అమోనియం పర్‌సల్ఫేట్‌తో ఆక్సీకరిస్తే పాలీఅనిలిన్ వస్తుంది. పీహెచ్ 2.5 కంటే తక్కువుంటే అణువులు ఎక్కువగా పారా స్థానంలో కలిసి పొడవాటి గొలుసవుతాయి. బీకరులో ద్రావణం ముందు నీలమై, తర్వాత ముదురాకుపచ్చకు తిరుగుతుంది. అదే కరెంటును ప్రవహింపజేసే ఎమరాల్డిన్ లవణం. ఆమ్లత్వం చాలకపోతే మొదట వచ్చేవి ఆర్థో బంధాలు, ఫినజిన్ వలయాలున్న పొట్టి ఆలిగోమర్లు: గోధుమరంగు, విద్యుత్ బంధకాలు. చర్యలోనే ఆమ్లం పుట్టి పీహెచ్ దానంతటదే పడిపోతుంది. గైడ్లు ఈ మాట అరుదుగా చెబుతాయి.

హైదరాబాద్ ఐఐసీటీలోనూ ఈ పాలిమర్‌పై పరిశోధనలు జరిగాయి.

గుర్తుంచుకోండి: ఎమరాల్డిన్ లవణం ఆకుపచ్చ, వాహకం, దాన్నుంచి ఆమ్లం తీసేస్తే వచ్చే ఎమరాల్డిన్ క్షారం నీలం, బంధకం.