కొయ్యచట్రపు గోడలు ప్రక్కత్రోపునకు ఆగు విధము

పశువుల కొట్టముగాని ధాన్యపు కొట్టుగాని కట్టునపుడు రైతులు సాధారణముగా కప్పు బరువునే లెక్కింతురు. గుంజలు లావుగా నున్నచో చాలునని తలంతురు. కాని పెనుగాలియు భూకంపమును గోడను ప్రక్కకు త్రోయును. ఈ త్రోపునకు లావు గుంజలు మాత్రమే చాలవు.

నాలుగు కర్రలను మూలకొక మేకుతో చదరముగా బిగించి పైకర్రను ప్రక్కకు నెట్టినచో, ఏ కర్రయు విరుగకయే చదరము ఒరిగిపోవును. మూడు కర్రల ముక్కోణము అట్లు ఒరగదు. కర్రయో మేకో చెడిననేగాని దాని రూపు మారదు. కావున చదరమున ఒక మూలనుండి ఎదుటి మూలకు ఐమూలగా కర్ర వేసినచో అది రెండు ముక్కోణము లగును.

గాలి తగిలిన గోడ ఆ త్రోపును కప్పుకట్టు ద్వారా ప్రక్కగోడల కందించును. ఆ గోడలే దానిని పునాదికి చేర్చును. గాలి ఏ దిక్కునుండి వచ్చునో తెలియదు గనుక నాలుగు గోడలకును ఈ కట్టుదిట్టము వలయును.

కట్టునపుడు గమనింపవలసిన విషయములు:

1. గాలి ఒకవైపునుండి వీచిన ఐమూల కర్ర నొక్కబడును. ఎదుటివైపునుండి వీచిన లాగబడును. లాగుడునకు మేకులు ఊడవచ్చును. కావున ప్రతి గోడకును ఎదురెదురు వాలుగా రెండు కర్రలు వేయవలెను.

2. త్రోపునకు గాలివైపు కొనగుంజ పైకి లేవజూచును. దానిని పునాదిలో దిగవేసిన ఇనుపపట్టీకి బోల్టుతో బిగింపవలెను. నేలలో పాతిన గుంజ తేమచేతను చెదలచేతను పాడై పట్టు వదలును.

3. దూలములను, వాసములను గుంజలకు గట్టిగా బంధింపవలెను.

4. తలుపును గోడ మూలకు చేర్చి పెట్టరాదు. అచ్చట ఐమూల కర్రకు చోటుండవలెను.

పూర్వము హైదరాబాదు సంస్థానమున చేరియుండిన లాతూరు ప్రాంతమున 1993 సెప్టెంబరు 30న భూకంపము వచ్చెను. మట్టితో పేర్చిన మందమైన రాతిగోడలు కూలి వేలకొలది జనులు మరణించిరి. కాశ్మీరమున ధజ్జీ దేవారీ యను పాతపద్ధతి కలదు. కొయ్యచట్రమును ఐమూల కర్రలతో చిన్నగళ్లుగా విభజించి, వానిని రాళ్లతోను మట్టితోను నింపుదురు. గోడ పగిలినను పగులు ఒక గడి దాటి పెద్దది కాకుండ కొయ్య ఆపును. 2005 అక్టోబరు 8 నాటి భూకంపమున అట్టి యిండ్లు పలుచోట్ల నిలిచెను.

పచ్చికొయ్య ఎండి కుంచించుకొనినపుడు మేకులు వదులగును. కావున ప్రతి సంవత్సరము వానలకు ముందే అతుకులన్నిటిని పరీక్షించి బిగించుకొనవలెను. గాలివాన వచ్చిన పిమ్మట అందుకు వ్యవధి యుండదు.