నల్లనివన్నీ ఉల్కలు కావు

ప్రశ్న: పొలం దున్నుతుంటే నల్లటి రాయి దొరికింది. చూడ్డానికి చిన్నదే అయినా బాగా బరువుంది. అయస్కాంతం అంటుకుంటోంది. ఇది ఉల్కేనా?
– ఒక రైతు, నిజామాబాద్ జిల్లా

జవాబు: అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన ఉల్క అనలేం. మీ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కు తయారీకి పేరుపొందింది. అలాంటి పాత కొలిముల నుంచి వచ్చిన ఇనుప చిట్టెం కూడా నల్లగానే ఉంటుంది, అయస్కాంతానికి అంటుకోవచ్చు. మాగ్నటైట్ రాయీ అంతే.

ముందు రాయిని పరీక్షగా చూడండి. బుడగలు పగిలినట్టు చిల్లులుంటే చాలావరకు చిట్టెమే. ఉల్కాశిలల్లో అలాంటి చిల్లులు బహు అరుదు. తర్వాత టైల్ వెనకవైపు, నునుపు లేని చోట దానితో గీయండి. నల్ల గీత పడితే మాగ్నటైట్, ఎర్ర గీత పడితే హెమటైట్ కావచ్చు. ఉల్కాశిలతో గీస్తే సాధారణంగా గీత పడదు.

కొత్తగా పడిన ఉల్కాశిలకు గాలిలో పైభాగం కరిగి గట్టిపడిన పలచని నల్లటి పెంకు ఉంటుంది. ఎక్కడైనా పెచ్చు ఊడి ఉంటే లోపల బూడిదరంగులో లోహపు రవ్వలు మెరుస్తాయి. అది చూడాలని సుత్తితో మాత్రం కొట్టకండి. ఈ లక్షణాలు కనిపిస్తే హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయాన్ని సంప్రదించండి.

ప్రశ్న: ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లోనే అన్ని ఉల్కలు ఎందుకు రాలతాయి? వాటి ముక్కలు మనకు దొరుకుతాయా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఆ రోజుల్లో భూమి ఒక ధూళి బాటను దాటుతుంది. ఏటా అదే చోటికి వస్తుంది కాబట్టి తేదీలూ మారవు. ఉల్కాపాతాలకు ధూళినిచ్చేవి చాలావరకు తోకచుక్కలు. ఆగస్టులో కనిపించే పెర్సీడ్స్‌కు స్విఫ్ట్-టటిల్ తోకచుక్క మూలం. మీరడిగిన డిసెంబరు ఉల్కాపాతమైన జెమినిడ్స్ ధూళి మాత్రం 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలానిది. అది సూర్యుడికి బుధుడి కన్నా దగ్గరగా వెళ్లివస్తుంది. గ్రహశకలమైనా తోకచుక్కలాగే ధూళినిచ్చింది కాబట్టి గ్రహశకలానికీ తోకచుక్కకూ మధ్య గీత గీయడం తేలిక కాదు.

ఈ రేణువులు ఎక్కువగా ఇసుకరేణువులంతే ఉంటాయి, పైనే కాలిపోతాయి. కాబట్టి ముక్కల కోసం వెతకొద్దు.

ప్రశ్న: 2029లో అపోఫిస్ భూమిని ఢీకొంటుందని వాట్సాప్‌లో వస్తోంది. నిజమా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: కాదు. సుమారు 340 మీటర్ల ఆ గ్రహశకలం 2029 ఏప్రిల్ 13న, మన కాలమానంలో 14 తెల్లవారుజామున, భూమికి దాదాపు 32,000 కిలోమీటర్ల దూరంలో వెళ్లిపోతుంది. మన టీవీ ప్రసారాల ఉపగ్రహాలుండే 36,000 కిలోమీటర్ల కన్నా ఇది దగ్గరే. అయినా 2021లో రాడార్‌తో కొలిచి, కనీసం వందేళ్లపాటు ఢీకొనే ప్రమాదం లేదని తేల్చారు. ఆ మెసేజ్ ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.