ఓపీ చిట్టీ ఎన్నింటిదాకా ఇస్తారు?
చిన్న ఆసుపత్రి వెబ్‌సైట్‌లో కావలసింది వెంటనే దొరికేలా చేయడం ఎలా?

మా పిన్నికి షుగరు. చూపు మసకబారుతోందంటే, దగ్గరి పట్టణంలో ఒక ట్రస్టు ఆసుపత్రికి శనివారాలు కంటి డాక్టరు వస్తారని ఎవరో చెప్పారు. శుక్రవారం రాత్రి ఫోనులో వాళ్ల వెబ్‌సైట్ తెరిచాను. పైన భవనం ఫొటో, అది జరిగిపోయి ప్రారంభోత్సవం ఫొటో, దాని కింద ఛైర్మన్ గారి సందేశం, ఆ కింద 'మా లక్ష్యం', 'మా ప్రస్థానం'. డాక్టరు ఏ రోజు వస్తారన్నది పావుగంట వెతికినా కనపడలేదు. రిసెప్షన్ నంబరు ఒక బొమ్మలో ఉంది. నొక్కితే ఫోను కలవదు, కాగితం మీద రాసుకుని కొట్టాలి. కొట్టాను, ఎవరూ ఎత్తలేదు. తెల్లారి మొదటి బస్సుకే వెళ్లాం. డాక్టరు గారు వచ్చేది రెండో, నాలుగో శనివారాలేనట. ఆ రోజు మూడో శనివారం.

ఆ సంగతి వెబ్‌సైట్‌లో లేక కాదు. 'విభాగాలు' అన్నచోట నొక్కి, 'నేత్ర వైద్య విభాగం'లోకి వెళ్లి, అక్కడున్న పీడీఎఫ్ దించుకుంటే రెండో పేజీలో ఉందని తర్వాత చూశాను. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ ప్రయాణం నేను మరిచిపోలేదు.

ఆ తర్వాత మరో చిన్న ఆసుపత్రి వాళ్లు తమ సైటు సరిచేసి పెట్టమంటే ఒప్పుకున్నాను. అప్పుడు చేసిన పనులే ఇక్కడ వరసగా చెబుతున్నాను. వీటిలో చాలావాటికి కోడింగు రానక్కర్లేదు. మీరు చూసుకునేది బడి సైటైనా, సహకార సంఘం సైటైనా పద్ధతి ఇదే.

ముందు కౌంటరు దగ్గర కూర్చోండి

కంప్యూటరు తెరవకముందే ఎంక్వైరీ కౌంటరు పక్కన ఒక స్టూలు వేసుకోండి. రెండు రోజులు చాలు. అందులో ఒకటి సోమవారమైతే మేలు, ఆదివారం ఆగినవాళ్లంతా ఆ రోజు వస్తారు. చేతిలో నోటుబుక్కు పెట్టుకుని, వచ్చినవాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా వాళ్ల మాటల్లోనే రాయండి. దిద్దకండి. 'ఎముకల డాక్టరున్నాడా?' అని అడిగితే 'ఆర్థోపెడిక్ విభాగం గురించి' అని రాసుకోవద్దు. మూడో పనిలో ఆ 'ఎముకల డాక్టరు' అన్న మాటే మనకు అక్కరకొస్తుంది. అదే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన ఒక గీత గీయండి. ఫోన్లలో అడిగేవీ రాయండి.

నా నోటుబుక్కు నిండా ఇలాంటివే: 'ఓపీ చిట్టీ ఎన్నింటిదాకా ఇస్తారు?' 'లేడీ డాక్టరు ఎన్నింటికొస్తారు?' 'రక్తపరీక్షకి ఏమీ తినకుండా రావాలా?' 'స్కానింగుకి ఎంతవుద్ది?' 'ఆరోగ్యశ్రీ ఉందా?' 'రిపోర్టు సాయంత్రం మా అబ్బాయొచ్చి తీసుకోవచ్చా?' ఆసుపత్రి లక్ష్యం ఏమిటని రెండు రోజుల్లో ఒక్కరూ అడగలేదు. సైటులో మాత్రం అది అన్నిటికన్నా పైన ఉంది.

రిసెప్షన్‌లో ఏళ్లుగా కూర్చుంటున్న మనిషితో తప్పకుండా మాట్లాడండి. గేటు దగ్గరి వాచ్‌మన్‌నీ వదలొద్దు. చాలామంది లోపలికి రాకముందే ఆయన్నే అడుగుతారు. సైటు గురించి వీళ్లను ఎవరూ సలహా అడిగి ఉండరు, కానీ సైటులో ఏముండాలో అందరికన్నా వీళ్లకే బాగా తెలుసు.

అయిదారింటిని ఎంచుకోండి

గీతలు లెక్కపెట్టి, ఎక్కువ పడ్డ అయిదారు ప్రశ్నలను వేరే కాగితం మీద రాయండి. మొదటి పేజీలో చోటు వీటికే. మిగతావి లోపలి పేజీలకు పోతాయి.

ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని ప్రశ్నలు నెలకోసారే వస్తాయి, కానీ జవాబు ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. రాత్రిపూట క్యాజువాలిటీ ఉందా, పాముకాటుకు ఇంజక్షను ఉందా అన్నవి అలాంటివి. పాము కరిచిన మనిషిని ఆటోలో వేసుకుని ఎటు తిప్పాలో తెలియక ఫోను చూసుకునేవాడికి మెనూలు తెరిచే తీరిక ఉండదు. ఇలాంటివాటికి ఒక్క గీతే పడ్డా పైకి తెచ్చేయండి.

అన్నీ ముఖ్యమేనని యాజమాన్యం అంటుంది. ఇరవై విషయాలు మొదటి పేజీ మీదకి ఎక్కితే ఏదీ కనపడదు. ఇక్కడ గట్టిగా నిలబడాలి, నోటుబుక్కు చూపించి మాట్లాడాలి. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. వాటిలో నాలుగోది పాఠకుడి సమయం కాపాడడం గురించే. ఆసుపత్రి ఛైర్మన్ గారితో వాదించాల్సి వచ్చినప్పుడు నేను ఆ సూత్రాన్నే చెప్పాను. ఆయన ఒకప్పుడు లైబ్రరీకి రోజూ వెళ్లినవారు కావడంతో వెంటనే అర్థం చేసుకున్నారు.

జనం వాడే పేరే పెట్టండి

ఎంత ముఖ్యమైనదైనా పేరు తప్పుగా పెడితే దొరకదు. 'నేత్ర వైద్య విభాగం' తప్పు తెలుగు కాదు, కానీ మా పిన్ని ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆవిడ వెతికింది 'కంటి డాక్టరు' కోసం. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పీటర్ పిరోలీ, స్టూవర్ట్ కార్డ్ అనే ఇద్దరు 1990లలో ఈ సంగతి మీద పనిచేశారు. జంతువు వాసన పట్టి మేత వెతుక్కున్నట్టే మనిషి సమాచారాన్ని వెతుక్కుంటాడన్నది వాళ్ల సిద్ధాంతం. లింకు పేరులో తనకు కావలసినదాని వాసన తగిలితే నొక్కుతాడు, తగలకపోతే మరో దారి చూసుకుంటాడు. 'సేవలు', 'సమాచారం', 'ఇతరములు' అన్న పేర్లకు ఏ వాసనా లేదు.

పేర్లు తేల్చడానికి ఒక చిన్న పని చేయండి. సైటులో ఉండాల్సిన ఒక్కో విషయాన్ని ఒక్కో చీటీ మీద రాసి చాప మీద పరవండి. ఆసుపత్రిలో పనిచేయని నలుగురైదుగురిని పిలిచి, ఒకచోట ఉండాల్సినవి ఒక కుప్పగా పెట్టమనండి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టాలి, లేకపోతే పెద్ద గొంతున్నవాళ్లు చెప్పినట్టే అందరూ చేస్తారు. కుప్పలయ్యాక ఏ కుప్పకు ఏం పేరు పెడతారో అడగండి. మేం 'ల్యాబ్', 'రేడియాలజీ', 'ఫార్మసీ' అని మూడుగా పెట్టిన విషయాలను దాదాపు అందరూ రెండే చేశారు: 'టెస్టులు', 'మందుల షాపు'. ఎక్స్‌రే ఒక విభాగం, రక్తపరీక్ష ఇంకో విభాగం అన్నది ఆసుపత్రి లోపలి లెక్క. రోగికి రెండూ టెస్టులే.

అధికారిక పేరు తీసేయలేని చోట రెండూ రాయండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కౌంటరు దగ్గర మాత్రం 'ఆరోగ్యశ్రీ ఉందా?' అనే అడుగుతారు. 'ఎన్టీఆర్ వైద్య సేవ - ఆరోగ్యశ్రీ' అని కలిపి రాస్తే ఏ పేరుతో వచ్చినవాళ్లకైనా దొరుకుతుంది.

మొదటి తెర మీదే జవాబు పెట్టండి

మీరు కంప్యూటరు మీద తయారుచేస్తారు, చూసేవాళ్లు ఫోనులో చూస్తారు. కాబట్టి ఒక మామూలు ఫోను చేతిలో పట్టుకుని, వేలితో జరపకుండా ఎంత కనపడుతుందో అంతవరకే లెక్కలోకి తీసుకోండి. జరిగే ఫొటోలు ఉంటే తీసేయండి. ఆ చోటంతా వాటికే పోతుంది. పెద్ద రంగు పట్టీలో పెట్టినంత మాత్రాన కనపడుతుందనీ అనుకోవద్దు. 1998లో రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బెన్‌వే, లేన్ ఇదే పరీక్షించారు. పేజీ పైన ప్రకటనలా మెరిసే పట్టీలో పెట్టిన లింకును, దాని కోసమే వెతుకుతున్నవాళ్లు కూడా చాలామంది చూడలేదు. ప్రకటనల్లా ఉన్నవాటిని దాటేయడం కళ్లకు అలవాటైపోయింది.

వెబ్ వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ బృందం 2006లో 232 మంది చూపు ఎటెటు కదులుతుందో యంత్రాలతో నమోదు చేసింది. చాలామంది పై వరసలు కొంత అడ్డంగా చదివి, ఆ తర్వాత ఎడమ అంచు వెంట కిందికి దిగిపోయారు. అందుకే ప్రతి వరసలో మొదటి రెండు మాటల్లోనే సంగతి ఉండాలి. 'మా ఆసుపత్రిలో ప్రతి రోజూ అందుబాటులో ఉండే ఓపీ సేవలు' అని రాస్తే 'ఓపీ' చివరికి పోయింది. 'ఓపీ: సోమ - శని, ఉదయం 9 నుంచి 1 వరకు' అని రాయండి.

ఇందులో ఇంకో సంగతి కూడా గమనించండి: ఇక్కడ నొక్కడానికి లింకు లేదు, జవాబే ఉంది. ఒక్క వరసలో చెప్పగలిగిన జవాబును ఇంకో పేజీలో పెట్టకండి. ఫోను నంబరు నొక్కగానే కలవాలి. రాత్రి ఎత్తే నంబరు వేరైతే, అది రాత్రి నంబరని పక్కనే రాయాలి.

అక్షరాలు అక్షరాల్లాగే ఉండాలి

మన చిన్న సైట్లలో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదేనని నా నమ్మకం, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. డాక్టర్ల పట్టికను డీటీపీ సెంటరులో కొట్టించి, ఫొటో తీసి సైటులో పెడతారు. చూడ్డానికి అందులో తెలుగే కనపడుతుంది. కంప్యూటరుకు మాత్రం అది బొమ్మ. గూగుల్‌లో వెతికితే అది దొరుకుతుందన్న భరోసా లేదు. చూపులేనివాళ్ల కోసం తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. ఫోనులో పెద్దది చేస్తే మసకబారుతుంది.

అను లాంటి పాత ఫాంట్లలో కొట్టినదాన్ని కాపీ చేసి పెట్టినా కష్టమే. ఆ ఫాంట్లలో తెలుగు రూపాల కింద దాగి ఉండేవి వేరే అక్షరాల సంకేతాలు, కాబట్టి ఫాంటు లేనిచోట అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. యూనికోడ్ 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. ఫోనులో మనం రోజూ వాడేదీ అదే. పట్టికను యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయండి. మాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

యూనికోడ్‌లో టైపు చేసినా ఒక చిక్కుంటుంది. 'ఎక్స్‌రే' అని టైపు చేసేటప్పుడు పొల్లు నిలబడడానికి మధ్యలో కనపడని గుర్తు ఒకటి చేరుతుంది. అది లేకపోతే 'ఎక్స్రే' అవుతుంది. ఇంకొకరు 'ఎక్స్ రే' అని విడదీసి కొడతారు. మనకు మూడూ ఒకటే, సైటులోని మామూలు వెతుకుడు పెట్టెకు మూడూ వేర్వేరు. పైగా చాలామంది తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతారు. కాబట్టి వెతుకుడు పెట్టె మీద ఆధారపడకుండా కళ్లకు కనపడేలా పెట్టడమే నమ్మకమైన దారి. పేజీలో ముఖ్యమైన మాటలను ఇంగ్లిషు అక్షరాల్లోనూ ఒకసారి రాయండి, గూగుల్ నుంచి వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ప్రతి పేజీ శీర్షికలో ఆసుపత్రి పేరుకన్నా ముందు విషయం రావాలి: 'కంటి డాక్టరు వచ్చే రోజులు', ఆ తర్వాతే ఆసుపత్రి పేరు.

ఇక చదవడం గురించి. తెలుగుకు ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. ఇంగ్లిషుకు సరిపోయే వరస ఎడంలో తెలుగు ఒకదానికొకటి తగులుతుంది. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎడం ఉంచండి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5 కి 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఆ తేడా కొలిచే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. లేత బూడిద రంగు అక్షరాలు ఈ కొలతకు తరచూ నిలబడవు.

అయిదుగురి చేతికివ్వండి

ఇప్పుడు పరీక్ష. పరీక్షలో పాల్గొనే ఒక్కొక్కరు సగటున లోపాల్లో 31 శాతాన్ని బయటపెడతారని నీల్సన్, మరో పరిశోధకుడు టామ్ లాండవర్ అంచనా వేశారు. ఆ లెక్కన అయిదుగురు చూస్తే 85 శాతం దాకా బయటపడతాయి. పదిహేను మందితో ఒక్కసారి చేయడం కన్నా, అయిదుగురితో చేసి, దిద్ది, మరో అయిదుగురితో చేయడం మంచిదని నీల్సన్ 2000లో రాశారు.

ఓపీ వరండాలో వేచి ఉన్నవాళ్లలోంచే ఎంచుకోండి. ఒక పెద్దావిడ, ఒక కాలేజీ కుర్రాడు, ఫోను ఎక్కువ వాడని ఒకరు. నొప్పితో ఉన్నవాళ్ల జోలికి పోకండి, తోడుగా వచ్చినవాళ్లను అడగండి. 'సైటు ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుందండి' అంటారు, మర్యాదకు. పని చెప్పండి: 'మీ అమ్మగారిని కంటి డాక్టరుకి చూపించాలి. ఏ రోజు రావాలో ఇందులో చూడండమ్మా.' ఆ తర్వాత నోరు మెదపొద్దు. వేలు తప్పు చోటికి పోతున్నా చెప్పకూడదు. చాలా కష్టం, చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. చేతులు కట్టుకుని కూర్చోండి. ఎక్కడ ఆగారో, ఏది నొక్కి వెనక్కొచ్చారో, పైకి ఏమన్నారో రాయండి. తప్పు వాళ్లది కాదనీ, మేం పెట్టింది సరిగ్గా ఉందో లేదో చూస్తున్నామనీ ముందే చెప్పాలి.

మా పరీక్షలో ఒకావిడ డాక్టర్ల పట్టిక దాకా బాగానే వెళ్లి, 'రెండో శనివారం' దగ్గర ఆగి, 'అంటే ఎన్నో తారీకండీ?' అంది. నాకు అసలు తట్టని ప్రశ్న. ఆ రోజే పట్టికలో తేదీలు కూడా చేర్చాం.

చూసుకునే మనిషి ఒకరుండాలి

తేదీలు చేర్చామంటే నెలనెలా మార్చాలి. తప్పు తేదీ ఉన్న సైటు ఏమీ లేని సైటుకన్నా చెడ్డది, మనిషిని బస్సెక్కిస్తుంది. ప్రతి పేజీకి ఒక మనిషి పేరు లోపలి రికార్డులో రాసుకోండి, పేజీ కింద చివరిసారి మార్చిన తేదీ వేయండి. డాక్టరు సెలవు పెడితే మొదట తెలిసేది రిసెప్షన్‌కు. అక్కడి మనిషే ఫోనులోంచి ఆ ఒక్క వరస మార్చగలగాలి. సైటు చేసినవాళ్లకు కబురుపెట్టి రెండు రోజులు ఆగే ఏర్పాటు పనికిరాదు. మేం రిసెప్షన్ అమ్మాయికి అరగంట నేర్పాం, ఇప్పుడు తనే మారుస్తోంది.

నోటుబుక్కు కౌంటరు మీదే ఉంచేయండి. వానలు మొదలయ్యాక 'డెంగీ టెస్టు చేస్తారా, రిపోర్టు ఎప్పటికి?' అన్న ప్రశ్నకు గీతలు పెరుగుతాయి. ఆ వారమే ఆ జవాబును పై వరసకు తెచ్చి, వానలు తగ్గాక మళ్లీ కిందికి దించండి.