ఫ్లోర్ కూలింగ్ మన ఉద్దానంలో పనిచేస్తుందా? జోన్లు, థర్మోస్టాట్ ఎలా ప్లాన్ చేయాలి?

చలి దేశాల ఇళ్లలో టైల్స్ కింద పైపులు పరిచి, గోరువెచ్చని నీళ్లు తిప్పుతారు. అదే రేడియంట్ ఫ్లోర్ హీటింగ్. పలాస, టెక్కలి వైపు ఆ అవసరం మనకి లేదు. కానీ అవే పైపుల్లో చల్లనీళ్లు తిప్పితే? హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో ఇలాంటిదే చేసింది. ఒకే బిల్డింగ్‌లో సగానికి మామూలు ఏసీ, మిగతా సగానికి కాంక్రీట్ స్లాబులో పైపులు. పైపుల వైపు కూలింగ్‌కి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ పట్టింది.

టెక్కలిలో ఇల్లు కడుతున్న మా బావకి ఇది చెప్పగానే "అయితే ఏసీ మానేద్దామా?" అన్నాడు. ఆగు బావా, మనది సముద్రం గాలి!

అసలు చిక్కు డ్యూ పాయింట్‌తోనే. అంటే గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత. గదిలో 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే అది సుమారు 26. నేలని 22కి దించారంటే చల్లటి గ్లాసుకి పట్టినట్టు టైల్స్ అంతా చెమట పడుతుంది. ఇంట్లో ముసలివాళ్లుంటే కాలు జారడం ఖాయం. అదే తలుపులు మూసి, ఏసీ డ్రై మోడ్‌తో గదిని 26 డిగ్రీలు, 50 శాతం తేమకి తెస్తే డ్యూ పాయింట్ 15కి దిగుతుంది. అప్పుడు 22 భయం లేదు.

కాబట్టి ఇక్కడ జోన్లు ఎండని బట్టి కాదు, ముందు తలుపుని బట్టి గీయాలి. మూసి ఉంచే బెడ్‌రూమ్ ఒక్కొక్కటీ ఒక జోన్. పడమటి గోడ ఉన్న గదికి ఎలాగూ వేరే లూప్ కావాలి. రోజంతా తలుపు తీసి ఉండే హాలు, ఆవిర్లు వచ్చే వంటగది... వీటిలో పైపులు వద్దు.

థర్మోస్టాట్ కొనేటప్పుడు స్క్రీన్, వైఫై చూసి పడిపోకండి. హ్యుమిడిటీ సెన్సర్ ఉందా, డ్యూ పాయింట్ లెక్క కట్టి వాల్వ్ మూస్తుందా? అది లేని హీటింగ్ మోడల్ ఇక్కడ దండగ. పైపులోకి వెళ్లే నీళ్లు డ్యూ పాయింట్ కంటే కనీసం 2 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. కరెంటు పోతే దానంతట అదే మూసుకునే వాల్వ్ తీసుకోండి (మన ఊళ్లలో ఎందుకో చెప్పక్కర్లేదు). సెన్సర్‌ని ఏసీ గాలి తగిలేచోట, ఎండ పడే గోడమీద బిగించొద్దు.

నా మాట అడిగితే, రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి తేమ తీయడానికి ఎలాగూ ఏసీ కొనాలి కాబట్టి మంచి ఇన్వర్టర్ ఏసీ, ఒక చిన్న హైగ్రోమీటర్ చాలు. పైపులు, చిల్లర్ ఖర్చు పెద్ద ఇల్లు కట్టేవాళ్లకే, అదీ ఫ్లోరింగ్ వేయకముందే.