ముందు ఇంటికి చెప్పండి, గ్రూపులో తర్వాత పెట్టొచ్చు

"అన్నా, నువ్వేం కంగారు పడొద్దు..." అని మొదలయ్యే ఫోన్ అందుకుని కంగారు పడని తండ్రి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో లేడు. అవతల పీఈటీ సారు మంచి మనసుతోనే అన్నాడు. హాకీ ఆడుతుంటే పాపకు బంతి తగిలింది. చుట్టూ జట్టు పిల్లలు ఏడుస్తున్నారు. ఆయన చేతులూ వణుకుతున్నాయి. నోటికి ముందుగా ఆ మాటే వచ్చింది. ఇవతల పీలేరు దగ్గర టమాటా తోటలో నిలబడ్డ మనిషికి మాత్రం అది వేరేలా వినపడింది: ఏదో పెద్దదే జరిగింది, నా దగ్గర దాస్తున్నారు.

హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. పెద్దవాళ్ల ఆటలో డ్రాగ్‌ఫ్లిక్ కొడితే అది గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. ఒళ్లంతా కప్పుకుని నిలబడేది గోల్‌కీపర్ ఒక్కరే. పెనాల్టీ కార్నర్ ఆపేవాళ్లకు ముఖానికి మాస్కు, కాళ్లకు గార్డులు ఉంటే ఉన్నట్టు. మన స్కూళ్ల మట్టి మైదానాల్లో బంతి ఏ గులకరాయికో తగిలి ఎటు లేస్తుందో కొట్టినవాడికే తెలియదు. అంటే దెబ్బ తగలడం ఈ ఆటలో ఊహించని సంగతేమీ కాదు. కార్నర్లు ఆపడం రోజూ సాధన చేయించే కోచ్, దెబ్బ తగిలాక ఇంటికి ఏం చెప్పాలో ఒక్కసారైనా సాధన చేశాడా?

మొదటి ఫోన్ ఇలా ఉండొచ్చు: "అన్నా, నేను మీ పాప స్కూలు పీఈటీని. ఆటలో పాప మోకాలికి దెబ్బ తగిలింది. తెలివిలోనే ఉంది, మాట్లాడతా ఉంది. 108లో రుయా ఆసుపత్రికి తీసుకుపోతా ఉండాం. నేను పక్కనే ఉండా. డాక్టరు ఇంకా చూడలేదు. నాలుగున్నరకి మళ్లీ చేస్తా. అప్పటికి ఏమీ తెలీకపోయినా చేస్తా. ఇదిగో, పాప మాట్లాడుతుంది."

అర నిమిషం పని. ఇందులో అబద్ధం లేదు, ఓదార్పు కూడా లేదు. ఎవరికి, ఎక్కడ, ఇప్పుడెలా ఉంది, పక్కన ఎవరున్నారు, మళ్లీ ఎప్పుడు చెబుతారు, అంతే. "లిగమెంట్ పోయినట్టుంది", "ఎముక ఇరిగినట్టే ఉంది" లాంటి మాటలు డాక్టరు చెప్పాల్సినవి. వాటిని పీఈటీ సారు అనేస్తే, సాయంత్రానికి ఎక్స్‌రే ఇంకోటి చెప్పినా ఇంట్లో ఎవరూ నమ్మరు. నా లెక్కలో అన్నిటికంటే విలువైనది "ఏమీ తెలీకపోయినా చేస్తా" అన్న మాట. ఎదురుచూసేవాళ్లకు గడియారంలో ఒక ముల్లు చూపించాలి. నాలుగున్నరకి ఫోన్ రాకపోతే మాత్రం ముందు చెప్పిన మంచి మాటలన్నీ నీళ్లపాలు.

మన ప్రాంతంలో ఆసుపత్రి పేరు కూడా కబురు మోసుకుపోతుంది. తిరుపతిలో "బర్డ్‌కు తీసుకుపోతున్నాం" అంటే ఎముకల వ్యవహారమని అర్థమైపోతుంది. చిత్తూరులో "రాయవేలూరుకు తీసుకుపోతున్నాం" అన్నారో, ఇంట్లో అవ్వ అప్పుడే శోకం మొదలుపెడుతుంది. ఊరి పేరు చెప్పిన నోటితోనే కారణమూ చెప్పాలి: "ఫలానా స్కాన్ కోసం వెళ్లమని డాక్టరు రాశాడు, ప్రాణానికి భయం లేదన్నాడు." ఆ రెండో సగం డాక్టరు నిజంగా అని ఉంటేనే సుమా. ఇక విరిగిన ఎముకకు వేసే పుత్తూరు నాటు కట్టు సంగతి ఎటూ వస్తుంది. తరతరాలుగా వస్తున్న నమ్మకాన్ని, అదీ బిడ్డ నొప్పితో అరుస్తున్న వేళ, వెక్కిరిస్తే పని జరగదు. "ముందు ఎక్స్‌రే చూద్దాం మామా. కీలు, తల, తెగిన గాయం అయితే ఆసుపత్రే. అంత నొప్పిలో కదిలించడం మంచిది కాదు" అని గౌరవంగా, గట్టిగా చెప్పాలి. వాదన గెలవడం ముఖ్యం కాదు, బిడ్డను కదిలించకపోవడం ముఖ్యం.

వాట్సాప్ గ్రూపు విషయంలో నాకు ఓపిక తక్కువ. స్ట్రెచర్ మీద పిల్ల ఫొటో, కింద చేతులు జోడించిన బొమ్మలు, ఆ తల్లి ఫోన్‌కు అదే మొదటి కబురు! దెబ్బ తగిలిన రోజు మాట్లాడేది ఒక్క మనిషే కావాలి. ఆ మనిషెవరో బస్సు ఎక్కకముందే తేలిపోవాలి.

పేర్ల జాబితా కూడా అప్పుడే తయారు కావాలి. 2018 ఏప్రిల్ 6న కెనడాలోని సస్కాచెవాన్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ అనే కుర్రాళ్ల ఐస్‌హాకీ జట్టు బస్సు లారీని ఢీకొంది. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. ప్లేఆఫ్ మ్యాచ్‌ల సరదాకు కుర్రాళ్లు జుట్టుకు ఒకే బంగారు రంగు వేసుకున్నారు. ఆ గందరగోళంలో ఇద్దరి పేర్లు తారుమారయ్యాయి. ఒక ఇంట్లో కొడుకు పోయాడని ఏడ్చారు, ఆసుపత్రిలో ఉన్నది వాళ్ల బిడ్డే. ఇంకో ఇంటివాళ్లు బతికాడని నమ్మారు, పోయింది వాళ్ల బిడ్డ. తప్పు బయటపడేసరికి రోజులు గడిచాయి, అధికారులు క్షమాపణ చెప్పారు. ఆ కబురు చెప్పినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అనుకున్నది రూఢి చేసుకోలేదు, అంతే. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు మదనపల్లె నుంచో పుంగనూరు నుంచో బయలుదేరే వ్యానులో ఒక కాగితం ఉండాలి: పేరు, ఫొటో, రక్తం గ్రూపు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. రెండో కాపీ స్కూల్లో ఉండాలి.

పెద్ద జట్లు ఎలా చెబుతాయో చూసి నేర్చుకుందామంటే, అక్కడ సగమే దొరుకుతుంది. 2023 హాకీ ప్రపంచకప్‌లో, జనవరి 15న రూర్కెలాలో ఇంగ్లండ్‌తో ఆడుతుంటే మన మిడ్‌ఫీల్డర్ హార్దిక్ సింగ్‌కు తొడ కండరం పట్టేసింది. మొదట భయపడినంత లేదని జట్టు వైపు నుంచి వినపడింది. వేల్స్‌తో మ్యాచ్ ఆడలేదు. న్యూజిలాండ్‌తో క్రాస్‌ఓవర్ మ్యాచ్ ముందర ఇక టోర్నీకే లేడన్నారు, బదులుగా రాజ్‌కుమార్ పాల్ వచ్చాడు. జనవరి 22న షూటౌట్‌లో మనం ఓడాం. ఆశను అలా చుక్కచుక్కగా తగ్గించడాన్ని తప్పుపట్టను. ప్రత్యర్థి కూడా వింటున్నాడు కదా. ఉత్తర అమెరికా ఐస్‌హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో అయితే ఇది ఒక కళ: "నడుముకు పైన గాయం", "నడుముకు కింద గాయం" అంటారు, అక్కడితో ఆపేస్తారు. కానీ ఆ దాపరికం జీతం తీసుకునే ఆటగాడి వరకే. పద్నాలుగేళ్ల పాప విషయంలో దాయడానికి ప్రత్యర్థి ఎవరు, కన్నతల్లా?

కబురు పైనుంచి కిందికే కాదు, కిందినుంచి పైకి కూడా రావాలి. తలకు బంతి తగిలిన పిల్ల "ఏం కాలేదు సార్" అంటుంది. ఎందుకంటే రేపు జిల్లా జట్టు ఎంపిక. నిజం చెబితే చోటు పోతుందని తెలిసిన పిల్ల నిజం ఎందుకు చెబుతుంది? "చెప్పినందుకు నీ చోటు పోదు, నీకు ఇంకో రోజు ట్రయల్ పెడతాం" అని సీజన్ మొదట్లోనే అందరి ముందూ చెప్పాలి, చెప్పినట్టు చేయాలి. తల దెబ్బ మీద అనుమానం వస్తే ఆ రోజుకు ఆట బంద్, వాదన లేదు. రాత్రికి హాస్టల్ వార్డెనుకో, తల్లికో విడిగా చెప్పి పంపాలి: వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా లేవని మత్తు, పొంతన లేని మాటలు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక అసలు కష్టమైన మాట, మంచం మీద ఉన్న ఆటగాడితో. "మళ్లీ ఆడతాను కదా సార్?"

ఇక్కడ మనవాళ్లంతా డ్రాగ్‌ఫ్లికర్ సందీప్ సింగ్ కథ చెబుతారు. 2006 ఆగస్టులో ప్రపంచకప్ జట్టును కలుసుకోవడానికి కాల్కా శతాబ్ది రైల్లో వెళుతుంటే పొరపాటున తుపాకీ పేలి తూటా అతడి నడుములో దిగింది. అప్పటికి ఇరవై ఏళ్లు. చక్రాల కుర్చీ దాకా వెళ్లి, లేచి, 2009లో జట్టుకు కెప్టెనై అజ్లాన్ షా కప్ గెలిపించాడు. 2018లో 'సూర్మా' సినిమా వచ్చింది. గొప్ప కథే. కానీ ఆ తూటా దెబ్బకు మూడేళ్ల ముందు, 2003 సెప్టెంబరులో, జుగ్‌రాజ్ సింగ్ కారు ప్రమాదంలో చిక్కుకున్నాడు. ఇప్పటి జట్టులో ఉన్న జుగ్‌రాజ్ వేరు. అతడికీ ఇరవై ఏళ్లే, అతడూ డ్రాగ్‌ఫ్లికరే, దేశమంతా ఆశ పెట్టుకున్నవాడే. ఎంత శ్రమపడినా మునుపటి చోటు దక్కలేదు. తర్వాత కోచ్‌గా మారి కుర్రాళ్లకు డ్రాగ్‌ఫ్లిక్ నేర్పాడు. అతడి మీద సినిమా రాలేదు. సందీప్‌కు ఉన్న పట్టుదల జుగ్‌రాజ్‌కు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎముకలు, నరాలు పట్టుదలను అడిగి మానవు. పట్టుదలతో అన్నీ జరుగుతాయని రాసే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, వాటిలో నేను ఇష్టపడేవి కూడా ఉన్నాయి, ఈ చోట దెబ్బతిన్న పిల్లలకు అన్యాయం చేస్తాయి. కోలుకోకపోతే అది తన తప్పేనని ఆ పిల్ల అనుకుంటుంది.

కాబట్టి రెండు కథలూ చెప్పండి, లేదా రెండూ మానేయండి. జవాబు దగ్గరలో ఉన్నంతే ఇవ్వండి: "ఆ సంగతి డాక్టరు ఆరు వారాలకు చూసి చెబుతానన్నాడు. ఈ వారం పని మోకాలు వంచడం. శనివారం వస్తా, కలిసి చేద్దాం." గోల్‌కీపర్ శ్రీజేష్ 2017 అజ్లాన్ షా కప్‌లో మోకాలు దెబ్బతిని, 2018 జనవరిలో గానీ తిరిగి రాలేదు. అదీ దేశంలోకెల్లా మంచి వైద్యం అందే ఆటగాడికి. "నెలరోజుల్లో దుమికేస్తావు" అని పిల్లకు మాట ఇవ్వకండి.

గాయం కబురు అందాల్సినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు, వాళ్లను అందరూ మర్చిపోతారు. ఒకరు బదులు ఆడేవాళ్లు. ఎర్రావారిపాలెం మండలం యనమలవారిపల్లె నుంచి వెళ్లిన ఇ. రజని రియోకు, టోక్యోకు భారత జట్టుతో వెళ్లిన గోల్‌కీపర్. 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా రజతం తెచ్చింది. సవిత లాంటి మొదటి కీపర్ ఉన్న జట్టులో రెండో కీపర్‌గా ఏళ్ల తరబడి సిద్ధంగా ఉండటం చిన్న పని కాదు. రెండో కీపర్‌కు పిలుపు చాలాసార్లు వేరొకరి గాయంతోనే వస్తుంది. అప్పుడు ఆ పిల్లతో "నీ అదృష్టం పండింది" అనకూడదు. "అక్క కోసం ఆడు" అని బరువు పెట్టడమూ వద్దు. "రేపు నువ్వు ఆడుతున్నావు, ఇది నీ పని" అంటే చాలు.

రెండోవాళ్లు, బంతి కొట్టినవాళ్లు. 2014 నవంబరులో సిడ్నీలో బౌన్సర్ తగిలి క్రికెటర్ ఫిలిప్ హ్యూస్ చనిపోయినప్పుడు, ఆ బంతి వేసిన షాన్ అబాట్‌కు 22 ఏళ్లు. తోటి ఆటగాళ్లు బహిరంగంగానే అతడి పక్కన నిలబడ్డారు. మరుసటి నెలలో అదే మైదానంలో మళ్లీ బంతి పట్టుకుని 14 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. మన జిల్లా మ్యాచుల్లో కొట్టిన పాప మైదానం పక్కన ఒంటరిగా కూర్చుని ఉంటుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ పలకరించరు. ఇంటికెళ్లి అన్నం తినదు, ఎందుకో ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆ రాత్రి వాళ్లింటికి కూడా ఒక ఫోన్ వెళ్లాలి, అదీ వీలైతే దెబ్బ తగిలిన జట్టు కోచ్ నుంచి: "అమ్మా, మీ పాప ఆట ఆడింది, తప్పు చేయలేదు. మా పాపను డాక్టరు చూసినాడు. రేపు మాట్లాడాలనుంటే నంబరిస్తా."