నీటి కాపరి

ఉత్తర అమెరికా ఖండమునకు తూర్పు కొసను, అట్లాంటిక్ మహాసముద్రములో న్యూఫౌండ్లాండు అను పెద్ద ద్వీపము కలదు. 1949వ సంవత్సరములో అది కెనడా దేశములో చేరినది. దాని చుట్టును గల సముద్రము మిక్కిలి చల్లనిది. వసంతకాలమున సైతము మంచుగడ్డలు కొండలవలె తేలుచు వచ్చును. ఆ నీటిలో పడినవాడు ఎంతటి గజయీతగాడైనను కొంతసేపటికే కాలుసేతులు కొయ్యబారి మునిగిపోవును. అట్టి చోట కాడ్ అను చేపలను పట్టి జీవించిన పల్లెకారులకు తోడుగా నిలిచిన జంతువొకటి కలదు. అదియే న్యూఫౌండ్లాండు శునకము.

పల్లెకారుల కుక్క యనగా వాకిట పడియుండి మొరుగునది కాదు. దానికి పని యుండెను. వలల త్రాళ్లను నోట కరచుకొని ఒడ్డునకు తెచ్చును. నీటిలో జారిపడిన తెడ్డునైనను, టోపినైనను, తుదకు మనుష్యునైనను ఈడ్చుకొని వచ్చును. చలికాలమున కట్టెల బండ్లను, చేపల బండ్లను లాగును. మన పల్లెలలో ఎద్దు చేయు చాకిరిలో కొంత అక్కడ ఈ కుక్క చేసినదనిన తప్పు లేదు.

దాని దేహమును చూచినచో ఈ పనులకే పుట్టినదా యనిపించును. మగకుక్క భుజమునొద్ద సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తుండును. 60 నుండి 70 కిలోల బరువు తూగును. ఎనిమిదవ తరగతి చదువు బాలుడు ఆ త్రాసులో తేలిపోవును. దాని బొచ్చు రెండు పొరలుగా నుండును. పైపొర ముతకయై, నూనె పూసినట్లుండి నీటిని లోనికి రానీయదు. లోపొర దూదివలె మెత్తనై వెచ్చదనమును నిలుపును. కాలివ్రేళ్ల నడుమ చర్మము విశాలముగా సాగియుండుటచే పాదము తెడ్డువలె పనిచేయును. బలమైన తోక చుక్కానియగును. నలుపు, గోధుమ, బూడిద వన్నెలవి కలవు. తెలుపు నలుపు కలిసిన వాటికి లాండ్సీరు అను పేరు వచ్చినది. ఎడ్విన్ లాండ్సీరు అను ఆంగ్ల చిత్రకారుడు రేవు గట్టుపై పరుండిన అట్టి కుక్కను చిత్రించి 1838లో ప్రదర్శించెను. ఆ చిత్రమువలననే ఆ పేరు నిలిచినది.

పుట్టుకతో వచ్చిన గుణము వేఱు, పనికి వచ్చు విద్య వేఱు. నీటిలో మనుష్యుడు కనబడగానే ఈ కుక్క దూకును; అది దాని గుణము. కాని వాడు మునుగుచున్నాడో, వేడుకకు ఈదుచున్నాడో దానికి తెలియదు. సుఖముగా ఈదుకొనుచున్నవానిని చేయి పట్టి ఒడ్డునకు లాగుకొనివచ్చి, వాడు విదిలించుకొని మరల నీటిలోనికి పోగా మరల లాగుకొనివచ్చుట దీని యజమానులకు నిత్యానుభవమే. ఇది నవ్వులాట. నవ్వులాట కానిది మరియొకటి కలదు. 60 కిలోల జంతువు తొట్రుపడి మునుగుచున్నవాని భుజములపై కాళ్లు మోపినచో రక్షణమే మృత్యువగును. కావుననే శిక్షణము ముఖ్యమైనది.

కెనడాలోను, అమెరికాలోను, ఇంగ్లండులోను, ఇటలీలోను ఈ శునకములను పెంచువారు ఊరూర సంఘములుగా చేరి, సెలవు దినములలో ఏదేని చెఱువునొద్ద కలిసికొందురు. ఒకరి కుక్కకు విద్య నేర్పవలెనన్న మరియొకరు నీటిలో దిగి మునుగువాని వేషము వేయవలెను. ఇంకొకరు పడవ నడపవలెను. వేరొకరు ఒడ్డున త్రాడు పట్టుకొని నిలువవలెను. ఒంటరిగా ఒక్క యజమానునికి ఇది సాధ్యము గాదు. సంఘ మేర్పడుటకు కారణ మదియే గాని సరదా మాత్రమే కాదు.

కుక్కపిల్లను నీటిలోనికి విసరుట ఎన్నడును కూడదు. ఒక్కమారు భయపడిన పిల్ల జన్మమంతయు నీటిని నమ్మదు. నేర్పుగలవారు మోకాటిలోతు నీటిలో తాము ముందు నడచి, అనుభవముగల పెద్ద కుక్కను వెంట నడిపించి, పిల్ల తనంతట తాను వచ్చువరకు వేచియుందురు. వస్తువును తెచ్చి యిచ్చుట మొదట నేలపై నేర్పుదురు. తెచ్చిన వస్తువును నమలక, పాఱవేయక, చేతికే ఈయవలెను. అది స్థిరపడిన పిదప అదే పనిని నీటి అంచున, తరువాత లోతున చేయింతురు. అనంతరము త్రాటి కొనను నోటికిచ్చి, నీటిలోనున్న మనుష్యుని వద్దకు పోయి అందించి రమ్మందురు. ఆ మనుష్యుడు త్రాడు పట్టుకొనిన వెనుక ఒడ్డునున్నవారు లాగుకొందురు. ఆ పైన పడవ మోకును పట్టి ఈడ్చుట, పడవపైనుండి దూకుట వచ్చును. ఒక్కొక్క మెట్టునకు వారములును నెలలును పట్టును. ఇంతకాలము చెఱువు గట్టున నేర్చుకొనునది కుక్క మాత్రమే కాదు. తొందరపడి కేకలు వేయు యజమానుడే వెనుకబడిన విద్యార్థియని అనుభవజ్ఞులు చెప్పుదురు.

అమెరికాలోని న్యూఫౌండ్లాండు క్లబ్బువారు ఈ విద్యకు పరీక్షలు పెట్టుచున్నారు. పై తరగతి పరీక్షలో ఒక ఘట్టము చూడదగినది. ముగ్గురు మనుష్యులు దూరదూరముగా నీటిలో నుందురు. వారిలో ఒక్కరు మాత్రము చేతులాడించుచు రక్షింపుమని కేకవేయుదురు. శునకము తేలుచక్రమును నోట పట్టుకొని, ఊరకున్న యిద్దరిని విడిచి, పిలిచినవారి యొద్దకే పోయి, వారిని ఒడ్డునకు చేర్పవలెను. దూకుట ఎఱిగిన జంతువునకు ఎవరికై దూకవలెనో తెలియుటయే అక్కడి పరీక్ష. నేలపై బండి లాగు పరీక్ష వేఱుగా కలదు. అందు బరువు నింపిన బండిని ఒక మైలు దూరము ఎత్తుపల్లముల నేలపై లాగవలెను. ఇటలీలో ఫెరుచ్చో పిలెంగా అనునతడు 1989లో జలరక్షణ శునకముల పాఠశాలను స్థాపించెను. అచ్చట శిక్షణము పొందిన కుక్కలు హెలికాప్టరునుండి సైతము సముద్రములోనికి దూకును.

నీటికి సంబంధింపని సాహసము వలన ప్రసిద్ధికెక్కిన న్యూఫౌండ్లాండు శునకము గాండరు. మొదట అది యొక ఇంటి పెంపుడు కుక్క. ఆటలో దాని గోరు ఒక బాలిక ముఖమునకు గీసికొనగా, ఇంటివారు దానిని గాండరు విమానకేంద్రముననున్న సైనికుల కిచ్చివేసిరి. రాయల్ రైఫిల్స్ ఆఫ్ కెనడా దళముతోపాటు అది 1941లో హాంకాంగు చేరెను. ఆ డిసెంబరులో జపాను సైన్యము దాడి చేసెను. గాయపడిన సైనికులున్న చోట ఒక చేతిబాంబు పడగా గాండరు దానిని నోట కరచుకొని దూరముగా పరుగెత్తెను. బాంబు పేలి కుక్క చనిపోయెను, సైనికులు బ్రదికిరి. జంతువుల ధైర్యమునకు ఇంగ్లండులో ఇచ్చు డికిన్ పతకమును 2000వ సంవత్సరములో దాని పేర ప్రకటించిరి.

ఆంగ్లకవి బైరను ప్రాణముగా ప్రేమించిన బోట్స్‌వేన్ కూడ న్యూఫౌండ్లాండు శునకమే. దాని కథ వేఱు. 1808లో దానికి వెఱ్ఱి సోకెను. అది ఎంతటి వ్యాధియో ఎఱుగక బైరను తన చేతులతోనే దానికి సేవ చేసెనందురు. కుక్క చనిపోగా న్యూస్టెడ్ ఆబీలో దానికొక సమాధిమందిరము కట్టించెను. ఆనాటికి వెఱ్ఱికుక్క కాటునకు మందు లేదు. 1885లో ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చరు జోసెఫ్ మీస్టరు అను బాలునకు టీకా వేసి కాపాడిన తరువాతనే లోకమునకు దారి దొరకినది. ఆనాడును, ఈనాడును, వ్యాధి లక్షణములు పైకి వచ్చిన వెనుక ఇంచుమించు ఎవరును బ్రదుకరు. ప్రేమ యెంత యున్నను టీకా వేయింపని కుక్క ఇంటికి అపాయమే.

ఇట్టి కుక్కను హైదరాబాదులో పెంచవచ్చునా? దిల్‌సుఖ్‌నగరులోను, ఎల్.బి. నగరులోను మేడపై మేడగా కట్టిన ఇండ్లలో కుటుంబములు నివసించుచున్నవి. వేసవిలో ఇచ్చట ఎండ 40 డిగ్రీలు దాటును. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు; నాలుక చాచి రొప్పుటయే దానికి ముఖ్యమైన చల్లబాటు. మంచు సముద్రమునకు తగిన రెండు పొరల బొచ్చును ధరించి, మూడవ అంతస్తు గదిలో, పగలంతయు కరెంటును నమ్ముకొని అది బ్రదుకవలెను. కరెంటు పోయిన మధ్యాహ్నము దానికి వడదెబ్బ తగులుట తథ్యము. బొచ్చు గొరిగించిన సరిపోవునని కొందరందురు గాని, ఆ బొచ్చే ఎండనుండి చర్మమును కాపాడునది కూడ. గొప్ప కొఱకు ఇట్టి జాతిని కొనితెచ్చుట కుక్కపై ప్రేమ కాదు. 2016లో భారత ప్రభుత్వము విదేశీ జాతి కుక్కలను పిల్లల వ్యాపారమునకై దిగుమతి చేయుటను నిషేధించుటకు, అవి ఈ వాతావరణమునకు ఓర్వలేకపోవుటయు ఒక కారణము.

నీటి కాపరితో ఇచ్చట పని లేదనుకొనరాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచినపుడు అఫ్జల్‌గంజిలోని ఒక చింతచెట్టు కొమ్మలనెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో కలదు. 2020 అక్టోబరు 13వ తేదీన ఎల్.బి. నగరు, హయత్‌నగరు ప్రాంతములలో ఒక్క దినముననే 20 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. సరూర్‌నగరు చెఱువు నిండి పల్లపు కాలనీలు జలమయమయ్యెను. రహదారులపై పడవలు నడచెను. అట్టి వీధినీటిలో ఏ కుక్కనైనను దింపుట తెలివి కాదు. మూత ఊడిన మురుగుకాలువలును, తెగిపడిన విద్యుత్తీగలును అందుండును. అప్పుడు కావలసినది త్రాడు, పడవ, ముందుగా ఎత్తైన చోటికి చేరు వివేకము. కుక్క పనికి వచ్చు ఆపద వేఱు విధమైనది.

ఆ విధమేదో 2025లో తెలంగాణమున కనబడెను. ఫిబ్రవరి 22వ తేదీన నాగరుకర్నూలు జిల్లాలో దోమలపెంట యొద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకొనిరి. బురద, రాళ్లు, విఱిగిన యంత్రము కుప్పపడిన ఆ చీకటిలో ఎక్కడ త్రవ్వవలెనో తెలియకుండెను. కేరళ పోలీసులు మాయా, మర్ఫీ అను రెండు బెల్జియన్ మాలినా జాతి కుక్కలను తెచ్చిరి. అవి వాసన పట్టి చూపిన తావున త్రవ్వగా మార్చి 9వ తేదీన ఒకని మృతదేహము దొరకెను. ఆ ఇల్లాలికి, పిల్లలకు కడసారి చూపైనను దక్కినది. 2023లో టర్కీ భూకంపమునకు మన జాతీయ విపత్తు స్పందన దళముతో పోయిన జూలీ అను లాబ్రడారు కుక్క, కూలిన ఇంటి క్రింద ఆఱేండ్ల బాలిక బ్రదికియున్నదని మొరిగి తెలిపినది.

ఇంటింటి కుక్కకు అంత విద్య అవసరము లేదు. కాని కొంత విద్య అవసరము. పిలిచిన రావలెను; ఆగుమన్న ఆగవలెను; నోటనున్నది విడువుమన్న విడువవలెను. ఈ మూడును నాటుకుక్కకు కూడ వచ్చును. అది ఈ ఎండకు పుట్టినది. కొద్దిసేపే నేర్పవలెను, ప్రతిదినము నేర్పవలెను, చేసినపుడు మెచ్చుకొని ఒక ముక్క పెట్టవలెను, కొట్టరాదు. దెబ్బలు తిన్న కుక్క యజమానునికి లోబడి, దారిన పోవు బాలునిపై కసి తీర్చుకొనును. వేసవిలో సూర్యోదయమునకు ముందే నేర్పవలెను. రోడ్డుపై అరచేతి వెనుక భాగమును కొన్ని క్షణములు ఆన్చలేకపోయినచో కుక్క పాదములును అచట ఆనరాదు. వనస్థలిపురమున 1975లో ఏర్పడిన హరిణవనస్థలి వైపు మాత్రము దానిని తీసికొనిపోరాదు. ఎంత శిక్షణ యున్నను, కృష్ణజింక పరుగును చూచిన కుక్కకు గురువు మాట చెవికెక్కదు.

పెంపుడు కుక్కకు టీకా వేయించి నగరపాలకుల యొద్ద అనుమతి పొందవలెనను నియమము కలదు. వీధిలో కుక్క ఎదురైనపుడు పిల్లలు పరుగెత్తరాదు, రాయి విసరరాదు, కన్నులలోనికి చూడరాదు; చేతులు దగ్గరకు తీసికొని కదలక నిలిచినచో తరచుగా అది వాసన చూచి పోవును. కఱచినచో, గాయము చిన్నదైనను, ఇంట దాచరాదు. పంపు క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. నారాయణగూడలోని నివారక వైద్యసంస్థలో ఈ టీకా వేయుదురు. మొదటి సూదితో నొప్పి తగ్గినదని మానక, వైద్యుడు వ్రాసిచ్చిన తేదీలన్నింటను మరల పోవలెను.