నొప్పులు రప్పించే మందు – పాత కాన్పు కాగితం

నెలలు నిండినంత మాత్రాన కాన్పు కాదు. బిడ్డను తొమ్మిది మాసాలు పదిలంగా నిలిపిన గర్భాశయ ముఖద్వారం ముందుగా మెత్తబడి, పలుచబడి, తెరుచుకోవాలి. శరీరంలో సహజంగా పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు ఇందుకు తోడ్పడతాయి. 41 వారాలు నిండినా నొప్పులు రానప్పుడు, రక్తపోటు పెరిగినప్పుడు, ఉమ్మనీరు పోయినా నొప్పులు మొదలుకానప్పుడు వైద్యులు ఈ పనిని మందుతో చేయిస్తారు.

ఇందుకు ప్రధానంగా వాడేవి రెండు. ఒకటి ముఖద్వారం వద్ద పెట్టే డైనోప్రోస్టోన్ జెల్. రెండవది మిసోప్రోస్టాల్ మాత్ర. కడుపులోని పుండ్ల చికిత్సకై వచ్చిన ఈ మాత్ర తరువాత ప్రసూతి వైద్యంలో ప్రవేశించింది. నొప్పులు రప్పించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మోతాదు 25 మైక్రోగ్రాములు: నోటి ద్వారా రెండు గంటలకొకసారి, లేదా యోని మార్గాన ఆరు గంటలకొకసారి. నాగపూర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులలో అధిక రక్తపోటు గల 602 మంది గర్భిణులపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో ఈ మాత్ర నోటి ద్వారా తీసుకున్నవారిలో 57 శాతం మందికి, బెలూన్ గొట్టం అమర్చినవారిలో 47 శాతం మందికి 24 గంటలలోపు సహజ కాన్పు జరిగింది.

అయితే ఇదే మందు 200 మైక్రోగ్రాముల మాత్రగా కూడా దొరుకుతుంది. అది ఎనిమిది రెట్లు. మోతాదు మించితే నొప్పులు విరామం లేకుండా వస్తాయి. బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. కనుక బిడ్డ గుండె చప్పుడు గమనించే ఆసుపత్రిలో తప్ప దీనిని వాడరాదు.

పూర్వం సిజేరియన్ అయిన స్త్రీకి ప్రమాదం మరింత ఎక్కువ. గర్భాశయంపై గల పాత కుట్టు తెగి తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు రావచ్చు. అట్టివారికి మిసోప్రోస్టాల్‌తో నొప్పులు రప్పించరాదు. పొట్టపై కనిపించే మచ్చ అడ్డంగా ఉన్నా లోపలి కోత నిలువుగా ఉండవచ్చు. ఆ సంగతి తెలిపేది ఆనాటి ఆసుపత్రి కాగితమే.

తొలి కాన్పు పుట్టింట జరపడం మనవారి ఆచారం. మలి కాన్పు నాటికి కుటుంబం నగరంలో, కాగితం పుట్టింటి పెట్టెలో ఉంటాయి. కనుక:

1. పాత డిశ్చార్జి కాగితాన్ని నెలలు నిండకముందే తెప్పించుకోవాలి. కనీసం దాని ఫోటో ఫోనులో ఉంచుకోవాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డుతో పాటు చూపాలి.

2. స్థానిక భాష రాకపోయినా "సిజేరియన్" అన్న ఒక్క మాట చెప్పి, ఎన్నవ కాన్పులో, ఏ సంవత్సరంలో అయిందో తెలపాలి. గర్భాశయంలో గడ్డ తీయించుకున్నా, ఆస్తమా ఉన్నా చెప్పాలి.

3. మందు ఇచ్చే ముందు దాని పేరు, మోతాదు, కారణం అడగడం గర్భిణి హక్కు.

4. మందు ఇచ్చాక నొప్పి విడవకపోయినా, పాత కుట్టు వద్ద నొప్పి పుట్టినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే నర్సుకు చెప్పాలి.

5. మందుల దుకాణంలో కొని ఇంట్లో వాడరాదు. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, సిజేరియన్, మందులు ఉచితం.